ఆ నేల మీద ఎవరు కూర్చున్నారు? మట్టాంచేరి పరదేశి సమాజమందిరం

అందరికీ నమస్కారం. పాత కట్టడాల కొలతలు తీసి పటాలు గీయడం నా వృత్తి. కొచ్చి నగరంలో మట్టాంచేరి అనే పాతపేట ఉంది. అక్కడి యూదుల ప్రార్థనామందిరం గురించి మాట్లాడమని ఈ గ్రంథాలయం వారు అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. ఆ మందిరం మీద నాకు చాలా ప్రేమ, దానితో చిరకాలంగా ఒక పేచీ కూడా ఉన్నాయి. ఈ సాయంత్రం ఆ రెండూ మీ ముందు పెడతాను.

మొదట పేరు. సినగాగ్ అనే మాటను తెలుగు బైబిలు 'సమాజమందిరం' అని అనువదించింది. ఎవరు చేశారో కానీ ఎంత మంచి అనువాదం! యూదుల దేవాలయం ఒక్కటే, అది యెరూషలేములో ఉండేది, క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో నేలమట్టమైంది. ఆ తరువాత ప్రపంచమంతటా వాళ్ళు కట్టుకున్నవి పదిమంది కూడి ప్రార్థించుకునే, చదువుకునే చోట్లు. పదిమంది అన్నది మాటవరసకు కాదు. వయసు వచ్చిన పదిమంది పురుషులు ఉంటేనే సామూహిక ప్రార్థన జరగాలని వాళ్ళ సంప్రదాయ నియమం. గోడలు, కప్పు, దీపాలు అన్నీ ఉన్నా ఆ పదిమంది లేకపోతే అది సమాజమందిరంగా పనిచేయదు. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తెర మీద బొమ్మ చూడండి. ఎడమవైపు కనిపించేది మట్టాంచేరి రాజభవనం. 1555లో పోర్చుగీసువారు కట్టించి కొచ్చి రాజుకు కానుకగా ఇచ్చారు. దాని ఆవరణలోనే పళయన్నూరు భగవతి గుడి ఉంది. ఆ గోడకు ఇవతల, గోడను ఆనుకుని, ఎర్రపెంకుల కప్పుతో ఉన్నది మన సమాజమందిరం. అమ్మవారి గుడికి, సమాజమందిరానికి మధ్య ఉన్నది ఒక్క గోడ. రాజు తన ఇంటి పక్కన స్థలం ఎవరికి ఇస్తాడో ఆలోచించండి. నమ్మినవాళ్ళకే ఇస్తాడు, లేదా కాపాడవలసినవాళ్ళకు ఇస్తాడు. ఇక్కడ రెండూ నిజమే.

ఆ నమ్మకం ఈ మందిరం కట్టిన 1568లో మొదలైంది కాదు. కొచ్చికి ఉత్తరంగా, పెరియార్ నది సముద్రంలో కలిసేచోట కొడుంగల్లూరు ఉంది. పాశ్చాత్యులు ముజిరిస్ అన్న మిరియాల రేవు ఆ ప్రాంతానిదే. క్రీ.శ. 1000 ప్రాంతంలో అక్కడి చేర రాజు భాస్కర రవివర్మ, యోసేపు రబ్బాన్ అనే యూదు వర్తక ప్రముఖుడికి తామ్రశాసనం రాయించి ఇచ్చాడు. భాష పాత తమిళ మలయాళాల కలయిక, లిపి వట్టెళుత్తు. అందులో 72 మర్యాదలు ఇచ్చినట్టు ఉంది. పగటిపూట వెలిగే దీపం, నడిచే దారిలో పరిచే వస్త్రం, పల్లకి, గొడుగు, భేరి, కొమ్ముబూర, తోరణం. పన్నుల మినహాయింపు సరేసరి. లోకమూ చంద్రుడూ ఉన్నంతకాలం వంశపారంపర్యంగా అనుభవించమన్నారు. మన శాసనాల్లో ఆచంద్రార్కం అంటామే, ఆ ధోరణి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ జాబితాలో భేరికి వాడిన మాట 'వడుగ పఱై'. వడుగులు అంటే ఎవరో మీకు తెలుసు, తమిళులు తమకు ఉత్తరాన ఉన్న మనల్ని పిలిచిన పేరు అది. వెయ్యేళ్ళ కింద కేరళ తీరంలో ఒక యూదు పెద్దకు రాజు ఇచ్చిన మర్యాదల్లో మన పేరు పెట్టుకున్న డప్పు ఒకటి ఉందన్నమాట. ఆ మాట మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ తామ్రశాసనం తరతరాలుగా ఈ పరదేశి సమాజమందిరంలోనే భద్రంగా ఉంటూ వచ్చింది.

1341లో పెరియార్‌కు పెద్ద వరద వచ్చింది. ఇసుక మేటలు వేసి పాత రేవు పూడిపోయింది, దక్షిణాన కొచ్చి దగ్గర కొత్త ముఖద్వారం తెరుచుకుంది. ఓడలు ఎటు వెళితే వర్తకులు అటే. మూడేళ్ళకే, 1344లో, కొచ్చిలోని కొచ్చంగాడిలో యూదులు ఒక సమాజమందిరం కట్టుకున్నారు. ఆ కట్టడం ఇప్పుడు లేదు. దాని హీబ్రూ శిలాఫలకం మాత్రం తెచ్చి పరదేశి మందిరం ప్రాంగణపు గోడలో అమర్చారు. చాలామంది సందర్శకులు దాన్ని దాటుకుని లోపలి నేలపలకలు చూడటానికి పరుగెత్తుతారు. తామ్రశాసనాన్ని పక్కన పెడితే ఆ ప్రాంగణంలో అన్నిటికన్నా పాత వస్తువు ఆ రాయే.

పోర్చుగీసువారు వచ్చాక మలబారు యూదులకు కష్టకాలం మొదలైంది. 16వ శతాబ్దంలో కొడుంగల్లూరు యూదుల మీద దాడులు జరిగాయి, వాళ్ళు కొచ్చి రాజు నీడకు వచ్చారు. అదే కాలంలో 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు, తరువాత పోర్చుగల్‌లో నిలవలేకపోయినవాళ్ళు, సిరియా వంటి పశ్చిమాసియా దేశాలవాళ్ళు ఒకరి వెనుక ఒకరు ఇక్కడికి చేరారు. కొత్తగా వచ్చినవాళ్ళు కాబట్టి పరదేశీలు. మాట మనదే, అర్థమూ మనకు తెలిసిందే. 1568లో రాజు ఇచ్చిన స్థలంలో వాళ్ళు కట్టుకున్నదే ఈ మందిరం. 1662లో డచ్చివారు కొచ్చిని ముట్టడించి, పట్టలేక వెనుదిరిగారు. యూదులు డచ్చివారి పక్షాన ఉన్నారన్న కోపంతో పోర్చుగీసువారు మందిరాన్ని తగలబెట్టారు. మరుసటి ఏడు డచ్చివారు మళ్ళీ వచ్చి కోట పట్టుకున్నారు, వారి ఏలుబడిలో మందిరం తిరిగి నిలబడింది.

ఈ కట్టడానికి ఇవాళ్టి రూపం తెచ్చినవాడు ఎజెకియల్ రహబి. డచ్చి కంపెనీకి కొచ్చిలో ప్రధాన వర్తకుడు. అతని కుటుంబం అలెప్పో నుంచి వచ్చింది. 1760లో గడియారపు బురుజు అతని చలవే. ఆ గడియారం పలకల మీద అంకెలు ఒక వైపు హీబ్రూలో, ఒక వైపు రోమన్‌లో, ఒక వైపు మలయాళంలో ఉంటాయి. వీధిలో నడిచే ఎవరికైనా తమకు తెలిసిన అంకెల్లో వేళ తెలియాలి. ఆ బజారు మిరియాల బజారు. బేరం కుదిరేది ఒకరికొకరు అర్థమైతేనే కదా.

ఇప్పుడు లోపలికి వెళదాం. చెప్పులు బయట విడవాలి. ప్రపంచంలో చాలా సమాజమందిరాల్లో ఆ ఆనవాయితీ లేదు. ఇక్కడ ఉంది, పక్కన అమ్మవారి గుడి ఉన్న ఊరు కాబట్టి ఉందని నా నమ్మకం. గోడలు మందంగా ఉంటాయి, సున్నం పూత. చూరు బాగా ముందుకు వాలి ఉంటుంది. కేరళ వాన ఏటవాలుగా కొడుతుంది, చూరు కురచగా ఉంటే గోడ నిలవదు. బయటి నుంచి చూస్తే అది ఆ నేలకు చెందిన ఒక పెద్ద ఇల్లులా కనిపిస్తుంది. హీబ్రూ మాట్లాడే దేవుడు మలయాళీ ఇంట్లో కాపురం ఉన్నట్టు ఉంటుంది.

మొదట ఒక ముందరి గది. దాన్ని వాళ్ళు అజారా అంటారు. అది దాటితే అసలు మందిరం. పడమటి గోడకు చెక్కడపు పని చేసి బంగారు పూత పూసిన కొయ్య మందసం. యెరూషలేము మనకు పడమరన ఉంది కాబట్టి మందసం అటు. అందులో తోరా చుట్టలు, అంటే తోలు మీద చేతితో రాసిన ధర్మశాస్త్రం. వాటికి కిరీటాలు తొడుగుతారు. ఒక బంగారు కిరీటం తిరువాన్కూరు మహారాజు కానుక. గది మధ్యలో ఇత్తడి కటకటాలతో ఒక వేదిక, దాన్ని తేబా అంటారు. ప్రార్థన నడిపించేది అక్కడి నుంచి. పైన రంగురంగుల గాజు దీపాలు, బెల్జియం షాండిలియర్లు. వాటిలో నూనెదీపాలు వెలిగించిన రాత్రి ఆ గది ఎలా ఉండేదో ఊహించుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తూర్పున, ప్రవేశద్వారం పైన, రెండు స్తంభాల మీద నిలిచిన మేడభాగం ఉంది. సొలొమోను దేవాలయం ముందున్న యాకీను, బోయజు అనే స్తంభాలు గుర్తున్నవారికి ఈ రెండూ గుర్తుకు రాకమానవు. ఆ మేడ మీద రెండవ తేబా ఉంది. ఇది కేరళ సమాజమందిరాల ప్రత్యేకత. వాస్తుశిల్పిగా నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది ఇదే. విశ్రాంతి దినాన, పండుగల్లో, తోరా చదివేది ఈ పై తేబా నుంచి. దాని వెనుకే స్త్రీలు కూర్చునే భాగం. సాధారణంగా స్త్రీల వసారా ప్రార్థనకు ఎక్కడో దూరాన, పైన, చాటున ఉంటుంది. ఇక్కడ వారంలో అన్నిటికన్నా ముఖ్యమైన పఠనం స్త్రీల ముంగిటికే వెళ్ళింది. మధ్యలో జాలీ తెర ఉంది, నిజమే. కానీ గొంతు అంత దగ్గర నుంచి వినబడటం వేరు. ఈ స్త్రీలు మలయాళంలో తమవైన పాటలు కట్టుకున్నారు, నోటుపుస్తకాల్లో రాసుకుని తల్లి నుంచి కూతురికి అందించారు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో మగవారి ఎదుటే గొంతెత్తి పాడారు. మేడ మీద ఆ చోటుకు, ఆ గొంతులకు సంబంధం ఉందని నేను గట్టిగా అనుకుంటాను.

ఇక నేల. అందరూ ఎదురుచూస్తున్నది ఇదే కదా. 1762లో రహబి చైనాలోని కాంటన్ నుంచి తెప్పించిన పింగాణీ పలకలు, వెయ్యికి పైగా. తెల్లటి పలక మీద నీలిరంగుతో చేతితో వేసిన చెట్లు, కొమ్మలు. చేతిపని కాబట్టి కుంచె ఒక పలకలో ఒత్తుగా పడుతుంది, మరో పలకలో తేలిపోతుంది. ఆ తేడాలే దానికి ప్రాణం. ఒక కథ చెబుతారు. ఆ పలకలు రాజు తన భవనం కోసం తెప్పించాడట. తయారీలో ఆవు నెత్తురు కలిపారని యూదులు చెబితే, రాజు వాటిని ముట్టక వాళ్ళకే ఇచ్చేశాడట. నాకు ఆ కథ నచ్చదు. పొరుగువాడి భక్తిని మోసంతో వాడుకున్న యూదుడు అందులో ఉన్నాడు, మోసపోయిన అమాయక రాజు ఉన్నాడు. మిరియాల ఓడలకు, డచ్చి కంపెనీ లెక్కలకు సంబంధించిన వ్యక్తికి కాంటన్ సరుకు తెప్పించుకోవడానికి ఆ దొంగాట అవసరం లేదు. కొన్న వస్తువును కొన్నదిగానే ఒప్పుకుందాం.

ఇప్పుడు నా పేచీ. చదువుకునే రోజుల్లో ఈ మందిరానికి మొదటిసారి వెళ్ళినప్పుడు పలకల మీద మోకాళ్ళ మీద కూర్చుని వాటి అంచులు పరిశీలించాను. అందం తప్ప మరేమీ కనబడలేదు. ఆ నేల మీద బల్లలెక్కే హక్కు లేకుండా కూర్చున్నవాళ్ళ సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అప్పుడు ఆ పటం మళ్ళీ గీశాను. గోడలు, తలుపులు అవే. ఎవరు ఎక్కడ అన్నది కూడా ఈసారి రాశాను.

కొచ్చి యూదుల్లో వర్గాలు ఉండేవి. పాతకాలం నుంచి ఉన్న మలబారీలు, తరువాత వచ్చిన పరదేశీలు. పరదేశీలను తెల్ల యూదులని, మలబారీలను నల్ల యూదులని పిలిచేవారు. వీళ్ళు కాక పరదేశి ఇళ్ళల్లో ఒకప్పుడు బానిసలుగా ఉండి విముక్తులైనవారి సంతతి. వారిని హీబ్రూలో మెషుహ్రరీం అన్నారు. 16వ శతాబ్దంలోనే ఈ తేడాల మీద కొచ్చి నుంచి ఒక ప్రశ్న కైరో పండితుడు డేవిడ్ ఇబ్న్ జిమ్రాకు వెళ్ళింది. శాస్త్రోక్తంగా విముక్తి, స్నానవిధి జరిగితే వారు పూర్తి యూదులే, వారితో పెళ్ళి సంబంధాలు చేసుకోవచ్చు అని ఆయన తీర్పు. ధర్మశాస్త్రం అంత స్పష్టంగా చెప్పింది. ఊరి కట్టుబాటు వినలేదు. నాలుగు వందల ఏళ్ళ పాటు వినలేదు. మనకు ఇది కొత్తగా చెప్పాలా? శాస్త్రం ఒకవైపు, కట్టుబాటు మరోవైపు ఉన్నప్పుడు పల్లెల్లో ఏది గెలుస్తుందో మనందరం కళ్ళారా చూసినవాళ్ళమే.

మెషుహ్రరీంకు ఈ మందిరంలో బల్లల మీద కూర్చునే హక్కు లేదు. అజారాలోనో, నేల మీదో ఉండాలి. తోరా చదవడానికి వారిని పిలవరు. చనిపోతే శ్మశానంలో చోటు కూడా వేరే. 19వ శతాబ్దం నడుమ కొందరు విసిగి, బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉన్న ఫోర్ట్ కొచ్చికి వెళ్ళి వేరుగా ప్రార్థనలు చేసుకున్నారు. ఆ ప్రయత్నం నిలవలేదు, తిరిగి వచ్చి అదే ముందరి గదిలో నిలబడ్డారు.

ఆ కుటుంబాల్లో 1882లో పుట్టినవాడు అబ్రహాం బరాక్ సేలం. న్యాయవాది. కొచ్చి శాసనమండలి సభ్యుడు. 1929లో లాహోరు కాంగ్రెసుకు వెళ్ళి వచ్చినవాడు. సంపూర్ణ స్వరాజ్యం అన్న తీర్మానం అక్కడిదే కదా. కార్మికుల పక్షాన మాట్లాడినవాడు, సత్యాగ్రహాన్ని నమ్మినవాడు. యూదు గాంధీ అన్నారు ఆయన్ని. దేశమంతా ఆయన మాట వినగలిగే సభల్లో నిలబడ్డవాడు, తన ప్రార్థనామందిరంలో మాత్రం బల్ల మీద కూర్చోలేకపోయాడు. ఆయన అక్కడే సత్యాగ్రహం చేశాడు. కొడుకులను వెంటబెట్టుకుని వచ్చి, వద్దన్న చోట కూర్చున్నాడు. 1930లలో, 40లలో ఒక్కొక్క అడ్డూ సడలింది. మొదట వెనుక బల్లలు, తరువాత తోరా దగ్గరికి పిలుపు. గొడవ ఏ కోర్టుకూ వెళ్ళకుండా, ఎవరూ ఎవరినీ కొట్టకుండా తీరింది. నా దృష్టిలో ఆ కట్టడానికి జరిగిన అతి పెద్ద మరమ్మతు అదే. గోడలో ఒక్క ఇటుక కూడా కదలలేదు.

విషాదం ఏమిటంటే, అందరూ ఒక బల్ల మీద కూర్చునే రోజు వచ్చేసరికి కూర్చునేవాళ్ళే వెళ్ళిపోవడం మొదలైంది. 1948లో ఇజ్రాయేలు ఏర్పడేనాటికి కొచ్చి యూదులు మొత్తం రెండున్నర వేల మంది దాకా ఉండేవారు. పరదేశీలు అందులో పదోవంతుకు అటూ ఇటూ. 1950లలో మలబారీలు ఊళ్ళకు ఊళ్ళే తరలిపోయారు. వాళ్ళను ఎవరూ తరమలేదు. శతాబ్దాలుగా ప్రార్థనలో తలుచుకున్న ఊరికి దారి తెరుచుకుంది, వెళ్ళారు. అక్కడ నెగెవ్ ఎడారిలో నెవాతీం అనే పల్లెలో స్థిరపడి కొచ్చి తరహా సమాజమందిరం కట్టుకున్నారు. పరదేశీలు ఆలస్యంగా, ఒక్కొక్కరుగా కదిలారు. 1968లో మందిరానికి 400 ఏళ్ళు నిండిన వేడుకకు ఇందిరాగాంధీ వచ్చారు, తపాలాశాఖ ఒక బిళ్ళ విడుదల చేసింది. ఆ తరువాత కొన్నేళ్ళకు పదిమంది పురుషులు దొరకడం కష్టమైంది. ఇప్పుడు మట్టాంచేరిలో మిగిలిన పరదేశీలను లెక్కించడానికి ఒక చేతి వేళ్ళు కూడా ఎక్కువే. బయటి నుంచి యూదు యాత్రికులు వచ్చినప్పుడు పదిమంది అయితే ప్రార్థన జరుగుతుంది.

ముందు వరుసలో పెద్దవారు చెయ్యెత్తారు, చెప్పండి అయ్యా. సరే, మన తెలుగునాట సమాజమందిరం లేదా అని అడుగుతున్నారు. ఉందండీ. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అని తమను పిలుచుకునే తెలుగు కుటుంబాలకు చిన్న ప్రార్థనామందిరం ఉంది. దానికీ కొచ్చికీ సంబంధం లేదు, అది వేరే చరిత్ర. వాళ్ళు దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. వాళ్ళ గురించి మాట్లాడటానికి వాళ్ళలో ఒకరినే ఇక్కడికి పిలిస్తే బాగుంటుంది. నిర్వాహకులు ఆ మాట రాసుకోవాలని కోరుతున్నాను.

ఇంకొక్క విషయం. పరదేశి మందిరం అందరికీ తెలుసు. మలబారీలవి చాలామందికి తెలియవు. అదే మట్టాంచేరిలో, కొద్ది నడకలోనే, కడవుంభాగం సమాజమందిరం ఉండేది. 16వ శతాబ్దపుది, పరదేశి మందిరం కన్నా పాతది. దాని లోపలి చెక్కడపు కొయ్యపని అంతా కొని, విప్పి, యెరూషలేములోని ఇజ్రాయేలు మ్యూజియంలో 1990లలో మళ్ళీ కూర్చారు. అద్భుతంగా కూర్చారు. మట్టాంచేరిలో మిగిలిన ఖాళీ గోడలు 2019 వానల్లో కూలాయి. లోపలి భాగం ఒక దేశంలో దీపాల కింద, బయటి గోడ మరో దేశంలో బురదలో. పరూరు, చేందమంగలం మందిరాలు కొంత అదృష్టం చేసుకున్నాయి. కేరళ ప్రభుత్వం ముజిరిస్ వారసత్వ పథకంలో వాటిని బాగుచేసి ప్రదర్శనశాలలుగా తెరిచింది. పరూరు వెళ్ళినవాళ్ళు వీధి గుమ్మం నుంచి మందసం దాకా ఒకే వరుసలో సాగే దారిని తప్పక నడవండి. పరదేశిలో అంత పొడవైన నడక దొరకదు.

మీలో ఎవరైనా కొచ్చి వెళితే శుక్ర, శనివారాలు తప్పించి వెళ్ళండి. బజారులో మిరియాలు, యాలకుల వాసన దాటి, గడియారపు బురుజు వైపు వెళ్ళే వీధిలో నడవండి. ఆ వీధికి ఇప్పుడు ఎ.బి. సేలం రోడ్డు అని పేరు. ప్రాంగణంలో 1344 నాటి రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తరువాత చెప్పులు విడిచి లోపలికి వెళ్ళండి. కానీ వెంటనే పలకల మీదికి వెళ్ళకండి. మొదట ఆ ముందరి గదిలోనే ఒక పక్కగా నిలబడి, గుమ్మంలో నుంచి లోపలి దీపాలను చూడండి. సేలం తాతముత్తాతలకు ఆ మందిరం కనిపించింది అక్కడి నుంచే.